పక్క పొలం దుమ్ము

2025 మార్చి 14న కాన్సస్ రాష్ట్రంలో, గుడ్‌లాండ్ ఊరి దగ్గర, ఐ-70 హైవే మీద దుమ్ము లేచింది. ముందున్న బండి కనపడక 71 బళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన "ఇదేంటి, డస్ట్ బౌల్ 1930లలోనే అయిపోయింది కదా!" అని.

మా టీములో ఒక పెద్దాయన ఉన్నారు. డేటాబేసులు చూస్తారు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు. పుట్టి పెరిగింది డాడ్జ్ సిటీకి ఓ గంట దూరంలో, గోధుమ పండించే ఇంట్లో. సోమవారం లంచ్ దగ్గర ఆయనతో ఈ మాటే అన్నాను. ఆయన తినడం ఆపి, "అయిపోలేదు. ఆపి ఉంచాం, అంతే" అన్నారు.

ఆయనకీ వాళ్ళ చెల్లెలికీ కలిపి అక్కడ రెండు క్వార్టర్ల భూమి ఉంది. క్వార్టర్ అంటే 160 ఎకరాలు. ఒక క్వార్టర్‌లో బోరు, దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే పివట్. రెండోదాన్ని 1987 నుంచీ దున్నకుండా గడ్డికి వదిలేశారు. అలా వదిలేసినందుకు ప్రభుత్వం ఏటా కౌలు లాంటిది కడుతుంది. ఆ ఒప్పందం గడువు సెప్టెంబరు 30తో తీరిపోతుంది. పక్కనున్న పెద్ద రైతు ఒకాయన "గడ్డి తీసేసి నాకు కౌలుకివ్వండి, అంతకన్నా ఎక్కువే ఇస్తా" అంటున్నాడట. దున్నాలా, వద్దా? అన్నాచెల్లెళ్ళు తేల్చుకోలేకపోతున్నారు. దీని మీద ఆయనా నేనూ చాలా లంచ్‌లు వాదించుకున్నాం. ఆ వాదనల్లో నాకు తేలిందేమిటో చెప్పడానికే ఈ టపా.

డస్ట్ బౌల్ గురించి మామూలుగా వినే కథ ఇలా ఉంటుంది. రైతులు ఆశకొద్దీ గడ్డినేలంతా దున్నేశారు, వానలు పోయాయి, మట్టి ఎగిరిపోయింది. తర్వాత సైంటిస్టులొచ్చి సరిగ్గా దున్నడం నేర్పారు, కథ కంచికి మనమింటికి. ఇందులో అబద్ధం పెద్దగా లేదు గానీ, అసలు ముక్క లేదు. నా మటుకు నాకు అర్థమైంది ఇదీ: పద్ధతులు తెలియడంతో నేల బాగుపడిపోలేదు. పక్కపక్క పొలాలవాళ్ళు కలిసి ఒక ఒప్పందానికి వచ్చాక, దాని ఖర్చులో దేశం కూడా పాలు పంచుకున్నాక బాగుపడింది. ఆ ఒప్పందం సడలినప్పుడల్లా మళ్ళీ దుమ్ము లేచింది. నీళ్ళ దగ్గరైతే అసలు ఒప్పందమే సరిగ్గా కుదరలేదు.

సరే, మొదటి నుంచీ వద్దాం.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చారు. వానలు బాగా పడే తూర్పు రాష్ట్రాల్లో అది పెద్ద కమతమే. కానీ పడమటి కాన్సస్, ఒక్లహోమా, టెక్సస్ పాన్‌హ్యాండిళ్ళలో వాన ఏడాదికి 15-20 అంగుళాలు. అక్కడ 160 ఎకరాలతో ఇల్లు గడవదు. 1909లో దాన్ని 320 చేశారు, అదీ చాల్లేదు. అప్పులు తీరాలంటే ఉన్న ప్రతి ఎకరం దున్నాల్సిందే. దానికి తోడు మొదటి ప్రపంచ యుద్ధం వల్ల గోధుమ ధర బుషెల్ రెండు డాలర్లు దాటింది. ట్రాక్టర్లొచ్చాయి. మట్టిని పిండిలా చేసే వన్-వే డిస్కు నాగళ్ళొచ్చాయి. తర్వాత ధర పడిపోయి 1932కి 40 సెంట్ల దరిదాపుల్లోకి వచ్చింది. ధర పడితే మనిషి ఏం చేస్తాడు? ఇంకా ఎక్కువ దున్నుతాడు. అప్పుడే కరువు మొదలయ్యింది. ఇందులో అత్యాశ ఎంత, గత్యంతరం లేకపోవడం ఎంత అన్నది మీరే ఆలోచించండి.

ఇక హ్యూ హామండ్ బెన్నెట్ గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. నార్త్ కరొలైనాలో పుట్టిన సాయిల్ సర్వేయరు. మట్టి ఎప్పటికీ తరగని ఆస్తి అని సాక్షాత్తూ ప్రభుత్వ మట్టి శాఖే 1909లో రాసుకున్న దేశంలో, కాదు, కొట్టుకుపోతోంది అని ఏళ్ళ తరబడి అరిచాడు. 1928లో వ్యవసాయ శాఖ తరఫున ఒక చిన్న పుస్తకం కూడా తెచ్చాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934 మేలో ప్రెయిరీ దుమ్ము న్యూయార్క్ దాటి అట్లాంటిక్‌లో ఓడల మీద పడింది. 1935 ఏప్రిల్ 14న, ఇప్పటికీ బ్లాక్ సండే అని పిలుచుకునే రోజున, పట్టపగలే చీకటి చేసేసింది. రెండు వారాలు తిరక్కముందే, ఏప్రిల్ 27న, సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్ పెడుతూ చట్టం వచ్చింది. దానికి బెన్నెట్టే అధిపతి.

వాళ్ళు చెప్పిన పద్ధతులు చూస్తే మన పల్లెటూరి వాళ్ళకి వింతగా ఏమీ అనిపించవు. వాలుకి అడ్డంగా దున్నడం. వాలు మీద గట్లు పోసి నీటిని నిలబెట్టడం. పొలమంతా ఒకేసారి బీడు పెట్టకుండా ఒక పట్టీ పంట, ఒక పట్టీ బీడు వదలడం. కోత అయ్యాక కొయ్యకాళ్ళు తగలబెట్టకుండా, దున్నేయకుండా అలాగే ఉంచడం. కెనడాలో అల్బర్టా రైతు చార్లెస్ నోబుల్ 1930ల మధ్యలో ఒక పరికరం చేశాడు. వెడల్పాటి ఇనుప బ్లేడు మట్టి కిందుగా పోతూ కలుపు వేళ్ళని కోసేస్తుంది, పైన కొయ్యకాళ్ళు మాత్రం నిలబడే ఉంటాయి. దాని ఫొటో చూడగానే నాకు మా తాతగారి గుంటక గుర్తొచ్చింది. ట్రాక్టరుకి కట్టిన పెద్ద గుంటక అనుకోండి. ఒక్లహోమాలో ఫ్రెడ్ హోమీ అనే ఆయన మట్టిని తిరగేయకుండా చీల్చి పెళ్ళలు లేపే చీజెల్ నాగలి తయారుచేశాడు. పెళ్ళలుంటే గాలి మట్టిని లేపలేదు.

అయితే ఇక్కడొక చిక్కు. పట్టీల సాగు అల్బర్టాలో మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచే ఉంది. వాలుకి అడ్డంగా దున్నడం అంతకన్నా పాతది. మరి తెలిసి కూడా ఎందుకు చెయ్యలేదు?

దీనికి నాకు నచ్చిన జవాబు ఇద్దరు ఆర్థికవేత్తలు, జేనెప్ హాన్సెన్, గ్యారీ లిబెక్యాప్, 2004లో రాసిన వ్యాసంలో దొరికింది. చిన్న రైతు తన పొలంలో కొంత బీడు పట్టీలుగా వదిలాడనుకోండి. పంట నష్టం మొత్తం అతనిది. దుమ్ము ఆగడం వల్ల లాభం మాత్రం ఎక్కువగా గాలి వాలులో ఉన్న పక్కవాడిది. పోనీ అతను బుద్ధిగా అన్నీ చేసినా, ఎగువనున్నవాడు చెయ్యకపోతే ఆ ఇసుక వచ్చి ఇతని మొలకల్ని కోసేస్తుంది. అలాంటప్పుడు ఎవరికి వాళ్ళు ఊరుకోవడమే తెలివైన పని అవుతుంది. అందరూ తెలివిగా ఊరుకుంటే ఊరంతా దుమ్ము. పొలాలు చిన్నవైన కొద్దీ, ఇరుగుపొరుగు ఎక్కువైన కొద్దీ ఇది ఇంకా కష్టం. మా పెద్దాయన దీన్ని ఒక్క వాక్యంలో చెప్పారు: "మా తాత తన మట్టి పోయిందని ఎప్పుడూ ఏడవలేదు, పక్కవాడి మట్టి వచ్చి పడిందని తిట్టేవాడు."

అందుకే నా దృష్టిలో అసలు ఆవిష్కరణ 1937లో జరిగింది. ఆ ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ అన్ని రాష్ట్రాల గవర్నర్లకీ ఒక నమూనా చట్టం పంపాడు. దాని ప్రకారం రైతులే అర్జీ పెట్టుకుని, ఓటు వేసుకుని సాయిల్ కన్సర్వేషన్ డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేసుకోవచ్చు. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా, కలెక్టరు అనుకోకండి. అక్కడి రైతులు ఎక్కువమందిని తామే ఎన్నుకునే చిన్న బోర్డు. ఇంజనీరునీ, ప్లానునీ ప్రభుత్వం ఇస్తుంది. ఎవరి పొలంలో ఏం చెయ్యాలో ఆ రైతుతో కూర్చుని రాసుకుంటారు. మొదటి డిస్ట్రిక్ట్ ఆ ఆగస్టు 4న నార్త్ కరొలైనాలో, బెన్నెట్ సొంత కౌంటీలోనే వచ్చింది. ఇప్పుడు దేశంలో దాదాపు 3,000 ఉన్నాయి. కాన్సస్ అదే ఏడాది ఇంకో అడుగు వేసింది. ఎవరి పొలమైనా ఎగిరిపోతూ పక్కవాళ్ళకి చేటు చేస్తుంటే, కౌంటీ వాళ్ళే మనుషుల్ని పంపి దున్నించి, ఖర్చు ఆ యజమాని పన్నులో వేసేలా చట్టం చేసింది. సొంత ఆస్తి అంటే ప్రాణం పెట్టే దేశంలో ఇది చిన్న విషయం కాదు!

పశువుల రాంచ్‌లది ఇంకో లెక్క. అక్కడ నాగలి లేదు, కానీ మూతి ఉంది. ఆవులు ఎక్కువైతే మంచి గడ్డి ముందు పోతుంది, ఆవు ముట్టని మొక్కలు మిగులుతాయి, తర్వాత ఒట్టి నేల. సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్‌లో పనిచేసిన డిక్‌స్టర్‌హౌస్ 1949లో ఒక పద్ధతి రాశాడు. ఆ నేలలో సహజంగా ఏ గడ్డి ఎంత ఉండాలో దానితో ఇప్పుడున్నదాన్ని పోల్చి, బీడు ఆరోగ్యం ఎంతో లెక్కగట్టడం. దాన్నిబట్టి ఎన్ని ఆవులో తేల్చుకోవడం. రాంచ్‌ల వాళ్ళకి గుర్తుండేలా చెప్పిన సూత్రం ఇంకా సులువు: సగం మేపు, సగం వదిలెయ్. వదిలేసిన సగం వృథా కాదు, దాని వేళ్ళే వాననీటిని లోపలికి దింపుతాయి. ఆవులన్నీ ఒకే నీటి చోట గుమిగూడి నేలని తొక్కెయ్యకుండా అక్కడక్కడ మట్టికట్టలతో కుంటలు తవ్వుకున్నారు. కెనడాలో 1935లో పెట్టిన పీఎఫ్‌ఆర్‌ఏ అనే సంస్థ ఇలాంటి కుంటలకి రైతులకి సాయం చేసింది, పాడైన పొలాల్ని ఉమ్మడి మేత బీళ్ళుగా మార్చింది.

ఇదంతా పనిచేసిందా? పరీక్ష 1950లలో వచ్చింది. టెక్సస్‌లో 1950 నుంచి 1957 దాకా సాగిన కరువు చాలాచోట్ల 1930ల కన్నా ఘోరం. అది ముగిసేసరికి 254 కౌంటీల్లో 244ని కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. దుమ్ము తుఫానులూ వచ్చాయి. ఎందుకంటే 1940లలో గోధుమ ధర పెరగ్గానే సూట్‌కేసు రైతులు మళ్ళీ దిగారు. వీళ్ళు అక్కడ ఉండరు. విత్తడానికోసారి, కోతకోసారి వస్తారు. పక్కవాడి దుమ్ము వాళ్ళ ఇంట్లో పడదు కాబట్టి వాళ్ళకి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. వాళ్ళు దున్నిన కొత్త గడ్డినేలలు బాగా ఎగిరాయి. అయినా 1930ల నాటిలా ఊళ్ళకి ఊళ్ళు కూలిపోలేదు.

ఆ కరువులోనే, 1956 ఆగస్టులో, ఐసెన్‌హోవర్ గ్రేట్ ప్లెయిన్స్ కన్సర్వేషన్ ప్రోగ్రాం మీద సంతకం పెట్టాడు. పది రాష్ట్రాలు. రైతు తన పొలం మొత్తానికి ప్లాను రాసుకుంటాడు, మూడు నుంచి పదేళ్ళ ఒప్పందం చేసుకుంటాడు, గడ్డి విత్తడానికీ గట్లకీ కుంటలకీ అయ్యే ఖర్చులో 80 శాతం దాకా ప్రభుత్వం పెట్టుకుంటుంది. ఏ ఏడాది పనులకి ఆ ఏడాది డబ్బులిచ్చే పాత పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఆ "ఏళ్ళ తరబడి" అన్న మాటలో ఉంది. వాగుల మీదా ఇలాగే చేశారు. 1948లో ఒక్లహోమాలో కార్డెల్ దగ్గర క్లౌడ్ క్రీక్ మీద మొదలుపెట్టి, ఆ ఒక్క రాష్ట్రంలోనే 2,100కి పైగా చిన్న మట్టికట్టలు కట్టారు.

ఇప్పుడు ఇంకోవైపు వాదన కూడా వినాలి. మా పెద్దాయన వాళ్ళ నాన్నగారికి ఈ కార్యక్రమాలంటే గిట్టేవి కావట. "పల్లం నుంచి ఎక్కిన మనిషికి నిచ్చెన అక్కర్లేదు" అనే తరహా మనిషి. ఎల్మర్ కెల్టన్ 1973లో రాసిన "ది టైమ్ ఇట్ నెవర్ రెయిన్డ్" నవలలో నాయకుడు సరిగ్గా ఇలాంటివాడే. 1950ల కరువులో ప్రభుత్వ సాయం ఒక్క డాలరు కూడా ముట్టుకోడు. కెల్టన్ ఆ రోజుల్లో వ్యవసాయ విలేఖరి, చూసిందే రాశాడు. ఆ వాదనలో బలం ఉంది. సాయం అలవాటయితే, డబ్బు ఏ పంటకి వస్తే ఆ పంట వేస్తారు గానీ నేలకి ఏది మంచిదో చూడరు. పైగా 1950లలో గట్టెక్కింది గట్ల వల్లేనా, బోర్ల వల్లా, ప్రభుత్వ చెల్లింపుల వల్లా అంటే మూడూ కలిసే అని ఒప్పుకోవాలి. చివరికి వానలు కూడా వచ్చాయి.

కానీ ఆ ఆత్మాభిమానం దగ్గర నాకొక ఇబ్బంది ఉంది. గాలికి కంచెలు తెలియవు. మీ కష్టం మీరే పడతాననడం గొప్పే, మీ దుమ్ము మీ పొలంలోనే ఉన్నంత వరకూ. 30లలో నష్టపోయిన కౌంటీల గురించి రిచర్డ్ హార్న్‌బెక్ 2012లో ఒక లెక్క తేల్చాడు. మట్టి బాగా పోయిన కౌంటీల్లో భూమి విలువ, తక్కువ పోయిన కౌంటీలతో పోలిస్తే దాదాపు 30 శాతం పడింది, ఆ నష్టం దశాబ్దాల తర్వాత కూడా పూర్తిగా పూడలేదు. జనం సర్దుకున్నది ఎక్కువగా ఊరొదిలి వెళ్ళిపోయే. ఎవడి పొలం వాడిష్టం అన్నందుకు కట్టిన జరిమానా అది.

ఒప్పందం సడలితే ఏమవుతుందో 1970లు చూపించాయి. 1972లో సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొన్నాక ధరలు ఎగిరాయి. వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ కంచె నుంచి కంచె దాకా వెయ్యండని ఊదరగొట్టాడు. 1935-42 మధ్య ప్రభుత్వం డకోటాల నుంచి టెక్సస్ దాకా గాలికి అడ్డుగా దాదాపు 22 కోట్ల చెట్లు నాటించింది. అందులో ఒక వరస మా పెద్దాయన వాళ్ళ తాత పొలంలో ఉండేది. 1970లలో వాళ్ళ నాన్నగారు పివట్ చెయ్యి తిరగడానికి అడ్డమని దాన్ని బుల్‌డోజరుతో తీయించారు. తాత అప్పటికి బతికే ఉన్నాడట. ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదట. ఈ మాట చెప్పి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

1985 చట్టంతో మళ్ళీ సర్దారు. పదీ పదిహేనేళ్ళు గడ్డికి వదిలితే ఏటా చెల్లించే సీఆర్‌పీ అప్పుడే వచ్చింది. 2007కి దాదాపు 3.7 కోట్ల ఎకరాలు అందులో ఉన్నాయి. తర్వాత ధరలు పెరిగాయి, ఏడేళ్ళలో కోటి ఎకరాలకు పైగా బయటికొచ్చేశాయి. మా సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఇది తెలిసిన బాధే. కొత్తది కట్టడానికి బడ్జెట్ దొరుకుతుంది, కట్టినదాన్ని చూసుకోడానికి దొరకదు. ఒక్లహోమా మట్టికట్టల్లో చాలా వాటిని 50 ఏళ్ళ ఆయుష్షు లెక్కన కట్టారు. ఆ 50 ఏళ్ళు ఎప్పుడో దాటిపోయాయి.

ఇక నీళ్ళు. కొలరాడోలో ఫ్రాంక్ జైబాక్ అనే రైతు 1952లో పివట్‌కి పేటెంటు తీసుకున్నాడు. విమానంలోంచి చూస్తే కనపడే ఆ పచ్చని గుండ్రాలన్నీ దాని పుణ్యమే. వాటి కింద ఎనిమిది రాష్ట్రాల్లో పరుచుకున్న ఒగలాలా భూగర్భజలం. పడమటి కాన్సస్‌లో చాలాచోట్ల ఏడాదికి అంగుళం నీరు కూడా కొత్తగా ఊరదు, తోడేది దానికి ఎన్నో రెట్లు. మట్టిని కాపాడుకున్న తరమే, నిజానికి మట్టిని కాపాడుకోవడం కోసం కూడా, కింద నీళ్ళని ఖర్చు పెట్టేసింది. దుమ్ము కనిపిస్తుంది, పక్కింటివాడు వచ్చి తిడతాడు. బోరు నీళ్ళు దిగిపోతే ఎవరి మీద అరుస్తాం? టెక్సస్‌లో 1904 నాటి కోర్టు తీర్పు నుంచీ నేల కింద నీళ్ళు తోడుకున్నవాడివే. కాన్సస్‌లో 1945 చట్టం హక్కులు ఇచ్చింది గానీ, 2012 దాకా కారణం లేకుండా ఏళ్ళ తరబడి వాడకపోతే హక్కు పోయేది. పొదుపు చేసినవాడికి శిక్ష అన్నమాట!

అయినా దారి లేకపోలేదు. కాన్సస్‌లోని షెరిడాన్ కౌంటీ ప్రాంతంలో రైతులు తమలో తాము మాట్లాడుకుని, 2013 నుంచి ఐదేళ్ళకి కలిపి ఎకరానికి 55 అంగుళాలే తోడాలని కట్టుబాటు పెట్టుకున్నారు. అంతకుముందు వాడేదానికన్నా సుమారు 20 శాతం తక్కువ. రాష్ట్రం దానికి చట్టబలం ఇచ్చింది. వాడకం అనుకున్నదానికన్నా ఎక్కువే తగ్గింది, రైతులెవరూ మునిగిపోలేదు. 1937 డిస్ట్రిక్ట్ సూత్రమే ఇది, 76 ఏళ్ళు ఆలస్యంగా.

మా పెద్దాయనకి నేను చెప్పింది: దున్నకండి. ఆయన నవ్వి, "నీకు చెప్పడం సులువు, నీ జీతం నెలాఖరుకి వచ్చేస్తుంది" అన్నారు. నిజమే. గడ్డి ఉంచినందుకు లాభం హైవే మీద పోయేవాడికి కూడా అందుతున్నప్పుడు, నష్టం ఆయనా చెల్లెలే భరించాలనడం న్యాయం కాదు. ఆ డబ్బు పన్నులు కట్టే మనమంతా ఇవ్వాల్సిందే, ధర పెరిగిన ఏడాది కూడా ఇవ్వాల్సిందే. సబ్సిడీ అని మూతి తిప్పుకునేవాళ్ళు గుడ్‌లాండ్ దగ్గర జరిగింది ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

ప్రస్తుతానికి అన్నాచెల్లెళ్ళు మధ్యేమార్గం ఒకటి చూస్తున్నారు. గడ్డి దున్నకుండా కంచె వేయించి, నీళ్ళ తొట్టి పెట్టించి, ఆవులున్న ఇంకో పొరుగాయనకి మేతకి ఇవ్వడం. ఎన్ని ఆవులన్నది కాగితం మీద రాసుకుని మరీ. పివట్ క్వార్టర్ సంగతి ఇంకా తేలలేదు. చుట్టూ బోర్లున్న ఐదుగురిని కూర్చోబెట్టి తోడకం తగ్గిద్దామని అడిగారట. ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరితో మళ్ళీ మాట్లాడటానికి వచ్చే నెల ఊరెళ్తున్నారు.